బిళ్ళలు మార్చి గీత కలిపే ఆటను సాధించే పద్ధతి

ఫోనులో, కంప్యూటరులో ఆడుకునే పజిళ్ళలో ఒక చిత్రమైన రకం ఉంది. గళ్ళ పలక మీద బిళ్ళలు పేర్చి ఉంటాయి. ఒక్కో బిళ్ళ మీద ఒక గీత ముక్క ఉంటుంది. రెండు బిళ్ళలను తాకితే అవి ఒకదాని చోటికి ఒకటి మారతాయి. ఇలా చోట్లు మారుస్తూ, చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను ఎక్కడా తెగని గీతగా కలపడమే ఆట. వేసవిలో డెల్టా కాలువలకు నీరు ఆపేశాక ఈతకు నీళ్ళుండవు కనుక మా కోనసీమ పిల్లలు మధ్యాహ్నాలు ఫోన్ల ముందే గడుపుతారు. ఎలాగూ ఆడతారు గనుక, ఆలోచించి ఆడే ఆటే ఆడాలన్న పట్టుదలతో నేను వారికి దీన్ని నేర్పుతున్నాను. ఆ పాఠాలనే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆట స్వభావాన్ని సరిగా గుర్తించాలి. గీతలు కలిపే ఆటలన్నీ ఒక్కటి కావు. 1989లో అమీగా కంప్యూటరుకు వచ్చిన పైప్ మేనియాలో వరుసగా వచ్చే గొట్టం ముక్కలను ఖాళీ గళ్ళలో వేసుకుంటూ, వెనకనుంచి ద్రవం తరుముకొచ్చేలోగా దారి కట్టుకుపోవాలి. సైమన్ టాథమ్ ఉచితంగా అందిస్తున్న పజిళ్ళ సంపుటిలోని నెట్ అనే ఆటలో బిళ్ళ తన గడిలోనే ఉండి చుట్టూ తిరుగుతుంది. మనం చెప్పుకుంటున్న ఆటలో బిళ్ళ తిరగదు, దాని చోటు మాత్రమే మారుతుంది. ఇది చిన్న తేడా కాదు. కుడికీ కిందికీ తెరుచుకున్న మలుపు ఎక్కడ పెట్టినా కుడికీ కిందికీ తెరుచుకునే ఉంటుంది కాబట్టి, ఏ బిళ్ళ ఏ గళ్ళలో ఇమడగలదో, ఏ గళ్ళలో ఇమడలేదో ఒక్క బిళ్ళనూ కదపకముందే తెలుసుకోవచ్చు.

కొత్తగా ఆడేవారు దాదాపు అందరూ గీత మొదలైన చోట వేలు పెట్టి, దాని వెంట ఒక్కో బిళ్ళనూ అతికించుకుంటూ పోతారు. సగం పలక దాటేసరికి కావలసిన మలుపు మిగలదు, మళ్ళీ మొదటికొస్తారు. నాలుగు వరుసల పలకలో 16 బిళ్ళలూ వేర్వేరుగా ఉంటే వాటిని పేర్చగల విధాలు 20 లక్షల కోట్లకు పైగా ఉంటాయి కనుక, అతికించి చూద్దామనుకుంటే తెమిలే పని కాదు. గీత వెంట పోవడం మాని పలక అంచులను ముందు చదవాలి. నేను ఈ ఆట గురించి ఒక్క మాటే చెప్పాల్సి వస్తే ఇదే చెబుతాను.

బిళ్ళ మీద గీత ఏ వైపు నుంచి బయటికి వస్తుందో ఆ వైపును నోరు అందాం. పై వరుసలో కూర్చునే బిళ్ళకు పై నోరు ఉండకూడదు, కుడి అంచున ఉండే బిళ్ళకు కుడి నోరు ఉండకూడదు, మూలన ఉండే బిళ్ళకు బయటి వైపు నోళ్ళు రెండూ ఉండకూడదు. గీత పలకలోకి వచ్చే చోటు, బయటికి పోయే చోటు మాత్రమే దీనికి మినహాయింపులు. ఇప్పుడు పై నోరు లేని బిళ్ళలను లెక్కపెట్టండి. నాలుగు గళ్ళ వరుసకు సరిగ్గా నాలుగే దొరికాయంటే పై వరుస ఎవరిదో తేలిపోయినట్టే. ఎక్కువ దొరికినా ఫర్వాలేదు. ఇక వెతకవలసింది వాటిలోనే.

రెండో లెక్క ఇంతకన్నా బలమైనది. పక్కపక్క గళ్ళు కలిసిన ప్రతిచోటా ఒక కుడి నోరు ఒక ఎడమ నోటితో కలుస్తుంది. పైనా కిందా ఉన్న గళ్ళకూ ఇదే వర్తిస్తుంది. కాబట్టి గీత అంచు దాటని పలకలో కుడి నోళ్ళు ఎన్నో ఎడమ నోళ్ళూ అన్నే ఉండాలి. గీత ఎడమ అంచు నుంచి వచ్చి కింది అంచు నుంచి పోతుంటే ఎడమ నోళ్ళు కుడివాటి కంటే ఒకటి, కింది నోళ్ళు పైవాటి కంటే ఒకటి ఎక్కువగా ఉంటాయి. గీత వచ్చే చోటు చూపించి పోయే చోటు దాచిపెట్టిన పలక ఎదురైతే, అది ఏ అంచున ఉందో ఈ లెక్కే చెబుతుంది.

మూడు వరుసల చిన్న పలకతో దీన్ని చూద్దాం. గీత పై వరుస ఎడమ చివర లోపలికి వచ్చి, కింది వరుస కుడి చివర బయటికి పోవాలి. మన దగ్గర అడ్డుగీతలు అయిదు, మలుపులు నాలుగు ఉన్నాయి. ఆ మలుపుల్లో ఒకటి ఎడమ–కింద, ఒకటి కుడి–కింద, ఒకటి ఎడమ–పైన, ఒకటి కుడి–పైన తెరుచుకుంటాయి. మొదటి గడికి ఎడమ నోరు కావాలి, పై నోరు కూడదు కాబట్టి అక్కడ అడ్డుగీత గానీ ఎడమ–కింద మలుపు గానీ ఉండాలి. ఆ మలుపే పెడితే దాని పక్క గడికి ఎడమ నోరూ పై నోరూ లేని కుడి–కింద మలుపు తప్ప గతి లేదు. అప్పుడు పై కుడి మూలకు మళ్ళీ ఎడమ–కింద మలుపే కావాలి, అది మన దగ్గర ఒక్కటే ఉంది. కాబట్టి మొదటి గడిలో అడ్డుగీత ఖాయం. ఇదే తర్కంతో రెండో గడిలోనూ అడ్డుగీతే, మూలలో ఎడమ–కింద మలుపు. దాని కింద ఎడమ–పైన మలుపు, ఆ కింద గీత బయటికి పోయే అడ్డుగీత. మధ్య వరుస ఎడమ చివర కుడి–కింద మలుపు, దాని కింద కుడి–పైన మలుపు, మిగిలిన రెండు గళ్ళలో మిగిలిన రెండు అడ్డుగీతలు. ఇంతవరకూ ఒక్క బిళ్ళనూ కదపలేదన్నది గమనించండి.

ఈ ఆలోచన చేతికి రావాలంటే ఫోను పక్కన పెట్టి అట్టముక్కలతో సాధన చేయడం మేలు. పెళ్ళిళ్ళు అయిపోయాక ప్రతి ఇంట్లోనూ పాత శుభలేఖలు మిగులుతాయి. వాటిలో అచ్చు లేని మందమైన భాగాన్ని రెండంగుళాల చదరాలుగా కత్తిరించి, ప్రతి అంచుకూ సరిగ్గా మధ్యలో పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ గుర్తుల నుంచే గీతలు గీయాలి. లేకపోతే పక్కపక్కన పెట్టినప్పుడు గీతలు కలవవు. ప్రతి ముక్కకూ పై అంచున ఎర్ర చుక్క ఒకటి తప్పనిసరి. అది లేకపోతే పిల్లలు తెలియకుండానే ముక్కను తిప్పేస్తారు, ఆట మరో ఆట అయిపోతుంది.

ఏ బిళ్ళ ఎక్కడికో తేలాక, తక్కువ మార్పిళ్ళతో ముగించడం ఎలా అన్న ప్రశ్న వస్తుంది. చాలా ఆటల్లో మార్పిళ్ళకు పరిమితి ఉంటుంది కాబట్టి ఇది ముఖ్యమే. తప్పు చోట్ల ఉన్న బిళ్ళలు గొలుసులుగా ఉంటాయి: మొదటి బిళ్ళ వెళ్ళవలసిన గడిలో రెండోది, దాని గడిలో మూడోది, అలా పోయి చివరిదాని గడిలో మొదటిది కూర్చుని ఉంటుంది. అయిదు బిళ్ళల గొలుసును విప్పడానికి నాలుగు మార్పిళ్ళు కావాలి, అంతకు తక్కువలో కుదరదు. ప్రతి మార్పిడిలోనూ కనీసం ఒక బిళ్ళ తన గడికి చేరాలి. ఒక గొలుసులోని బిళ్ళను వేరే గొలుసులోని దానితో మారిస్తే రెండూ కలిసి పెద్ద గొలుసై, మొత్తం మీద రెండు మార్పిళ్ళు వృథా అవుతాయి.

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె “మాస్టారూ, అడ్డుగీతలు అయిదున్నాయి కదండీ, ఏది ఏ గడిలోకి వెళ్ళాలండీ?” అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. ఒకేలాంటి బిళ్ళలున్నప్పుడు ఏది ఎక్కడికన్నది మన ఇష్టం, మార్పిళ్ళు ఆదా అయ్యేది అక్కడే. ఉదాహరణకు పై కుడి మూలలో అడ్డుగీత ఉండి, అక్కడికి రావలసిన ఎడమ–కింద మలుపు పలక నడిగడిలో ఉందనుకోండి. నడిగడికి కావలసింది అడ్డుగీతే గనుక ఆ రెంటినీ మారిస్తే ఒక్క దెబ్బకు రెండూ కుదురుతాయి. ఇలాంటి జంటలన్నీ ముందు ముగించి, పొడవైన గొలుసులను తరువాత పట్టుకోవాలి.

కొన్ని ఆటలు పక్కపక్కనున్న బిళ్ళలనే మార్చనిస్తాయి. అప్పుడు పై వరుస నుంచి ఒక్కో వరుస పూర్తి చేస్తూ, ముగిసిన వరుసను మళ్ళీ కదపకుండా కిందికి రావాలి. మార్పిడికి బదులు ఒక ఖాళీ గడిలోకి బిళ్ళలను జరిపే ఆటలో మాత్రం జాగ్రత్త అవసరం. 1880లో అమెరికాలోనూ ఐరోపాలోనూ జనాన్ని ఊపేసిన 15 అంకెల పజిల్ ఈ జాతిదే. అందులో 14, 15 మాత్రమే తారుమారైతే సరిచేయడం అసాధ్యమని గణితవేత్తలు 1879లోనే నిరూపించారు. గీతల పలకలో చివరికి రెండు బిళ్ళలే తారుమారై నిలిచిపోతే, ఒకేలాంటి బిళ్ళలు రెండింటిని వెతికి వాటి చోట్లు ఒకదానికొకటి కేటాయించండి, చిక్కు వీడుతుంది.

ఇక ప్రత్యేకమైన బిళ్ళలు. రెండు గీతలు అడ్డంగా దాటుకునే బిళ్ళను కూడలిగా పొరబడకూడదు. పి.గన్నవరం దగ్గర అక్విడక్టు అనే వంతెన మీదుగా కాలువ గోదావరి పాయ అయిన వైనతేయను దాటుతున్నా ఆ నీరూ ఈ నీరూ కలవనట్టే, ఆ బిళ్ళలో అడ్డుగీత అడ్డంగానే, నిలువుగీత నిలువుగానే సాగిపోతాయి. గీతలు రంగురంగులుగా ఉంటే నోళ్ళ లెక్కను రంగుకొకటి చొప్పున విడిగా వేయాలి.

శాఖలుగా చీలి బిళ్ళలన్నిటినీ ఒకే వలగా కలపవలసిన పలకలో మరో లెక్క పనికొస్తుంది. అంచు దాటని అలాంటి పలకలో 16 బిళ్ళలకు మొత్తం 30 నోళ్ళుంటే, రెండు నోళ్ళు కలిస్తే ఒక అతుకు కాబట్టి, అతుకులు 15. 16 బిళ్ళలను ఒక్కటిగా కలపడానికి కనీసం అన్ని అతుకులు కావాలి. అంటే ఎక్కడా చుట్టు తిరిగి మూసుకున్న గీత ఉండదు. 32 ఉంటే అలాంటి చుట్టు ఒకే ఒక్కటి ఉంటుంది. నాలుగు మలుపులు కలిసి చక్కని చిన్న చతురస్రం ఏర్పడితే పిల్లలు సంతోషిస్తారు గానీ, నోళ్ళు 30 ఉన్న పలకలో దాన్ని వెంటనే విడదీయాలి.