హోమ్‌బిల్ట్ విమానంలో క్లైంబ్, గ్లైడ్ వేగాలు తేల్చుకోవడం ఎలా

కిట్ కంపెనీ పుస్తకంలో ఉన్న క్లైంబ్ (పైకెక్కే), గ్లైడ్ (ఇంజన్ బలం లేకుండా జారుతూ దిగే) వేగాలు వాళ్ల విమానానివి. మీరు షెడ్డులో కట్టుకున్నదానికి ప్రొపెల్లర్ వేరు, బరువు వేరు, మీటర్లకు బయటి గాలి పీడనం అందించే చిన్న రంధ్రం, స్టాటిక్ పోర్టు, అంగుళం అటో ఇటో ఉంటుంది. అమెరికాలో హోమ్‌బిల్ట్‌లకు మామూలుగా మొదట 25 లేదా 40 గంటల పరీక్షా కాలం పెట్టేది ఇలాంటివి తేల్చుకోవడానికే.

రెండు పనులు ముందే అయిపోవాలి. స్టాల్ వేగం, అంటే ఇక రెక్కలు విమానాన్ని మోయలేని వేగం, తెలిసి ఉండాలి, ఎయిర్‌స్పీడ్ మీటర్ తప్పు ఎంతో జీపీఎస్‌తో కొలిచి పట్టిక వేసుకుని ఉండాలి. తక్కువ వేగాల్లో ముక్కు పైకెత్తి ఉన్నప్పుడే మీటర్ ఎక్కువగా అబద్ధం చెబుతుంది. గ్రాఫ్ దిద్దిన వేగాలతో గీయాలి, ప్యానెల్ మీద మాత్రం మీటర్ చూపే వేగం రాసుకోవాలి.

తెల్లవారుజామున, గాలి కదలనప్పుడు వెళ్లండి. ఎండెక్కితే లేచే వేడిగాలి మీ కొలతలన్నిటినీ మింగేస్తుంది. ఎత్తు చూపే ఆల్టీమీటర్‌ను ప్రామాణిక పీడనమైన 1013 హెక్టోపాస్కల్స్‌కు తిప్పి, బయటి ఉష్ణోగ్రత రాసుకోండి. విమానం పూర్తి బరువుతో ఉండాలి. పక్క సీట్లో మనిషిని కాదు, కదలకుండా కట్టిన ఇసుక మూటలను పెట్టండి.

ముందు క్లైంబ్. ఒకే ఎత్తు పట్టీ ఎంచుకోండి, 2,500 నుంచి 3,500 అడుగులు అనుకుందాం. కనీసం 300 అడుగులు కింద నుంచే ఫుల్ థ్రాటిల్‌లో వేగం కుదుర్చుకుని, 2,500 దాటగానే స్టాప్‌వాచ్ నొక్కండి. పట్టీ దాటేదాకా వేగం ఒక నాట్‌కు మించి కదిలితే ఆ కొలత పక్కన పడేయండి. వెర్టికల్ స్పీడ్ మీటర్‌ను నమ్మొద్దు, అది వెనకబడి చూపిస్తుంది. ప్రతి వేగాన్నీ గాలికి అడ్డంగా ఒకవైపు ఒకసారి, సరిగ్గా దానికి వ్యతిరేక దిశలో ఇంకోసారి ఎగిరి సగటు తీయండి. పైకెళ్లేకొద్దీ గాలి మారుతుంటే ఒక దిశలో లేని క్లైంబ్ కనిపిస్తుంది.

స్టాల్ వేగానికి 1.3 రెట్ల దగ్గర మొదలుపెట్టి 5 నాట్ల తేడాతో పరీక్షించండి, కానీ వరసగా కాదు. 75, 60, 85, 65 ఇలా కలిపి ఎగిరి, చివర్లో మళ్లీ 75కు రండి. మొదటి అంకె మళ్లీ రాకపోతే గాలి మారిందనో ఇంజన్ వేడెక్కిందనో అర్థం. ఇంజన్ రోటాక్స్ 912 యూఎల్‌ఎస్‌ అయితే 5,800 ఆర్‌పీఎం 5 నిమిషాలకు మించకూడదు. రెండు క్లైంబ్‌ల మధ్య సమతలంగా ఎగిరి చల్లబరచండి.

1,320 పౌండ్ల రెండు సీట్ల విమానానికి ఇలా వచ్చిందనుకోండి: 60 నాట్ల దగ్గర నిమిషానికి 700 అడుగులు, 65 దగ్గర 770, 70 దగ్గర 810, 75 దగ్గర 825, 80 దగ్గర 815, 85 దగ్గర 780. 70కి, 75కి తేడా పదిహేను అడుగులే. 500 అడుగుల పట్టీలో స్టాప్‌వాచ్ ఒక్క సెకను తప్పితే ఇరవై అడుగులు తేడా పడుతుంది. అందుకే 1,000 అడుగుల పట్టీ. అందుకే ఒక్క చుక్కను పట్టుకుని ఇదే శిఖరం అనకూడదు. చుక్కల మధ్యగా నునుపైన వంపు గీయండి. వంపు శిఖరం వీవై, అంటే అన్నిటికంటే త్వరగా ఎత్తు పెరిగే వేగం, ఇక్కడ 75 చుట్టూ. గ్రాఫ్ మూల నుంచి, అంటే రెండు సున్నాలూ కలిసే చోటు నుంచి, వంపును తాకేలా స్కేలు పెట్టి గీత గీస్తే, తాకిన చోటు వీఎక్స్, అంటే అన్నిటికంటే నిటారుగా ఎక్కే వేగం, ఇక్కడ 65కి కొంచెం తక్కువ. మూల సున్నా దగ్గర లేకుండా గ్రాఫ్ గీయడం చాలామంది చేసే పొరపాటు. ఎత్తు పెరిగేకొద్దీ మీటర్ మీద వీవై తగ్గుతుంది, వీఎక్స్ పెరుగుతుంది, కాబట్టి ఇంకో ఎత్తులో కూడా పరీక్షించండి.

గ్లైడ్‌దీ ఇదే పద్ధతి, పైనుంచి కిందికి. రన్‌వేకి చేరగల దూరంలోనే ఉండండి. కార్బ్యురేటర్‌లో మంచు పట్టకుండా కార్బ్ హీట్ వేసి, థ్రాటిల్ ఐడిల్‌కు తీసి, పట్టీ దాటగానే కాసేపు పవర్ ఇచ్చి ఇంజన్ పలుకుతోందో చూసుకోండి. 60 దగ్గర నిమిషానికి 630 అడుగుల దిగుడు, 65 దగ్గర 645, 70 దగ్గర 680, 75 దగ్గర 735 వచ్చాయనుకోండి. అన్నిటికంటే నెమ్మదిగా దిగేది 60 దగ్గర, కానీ ఎక్కువ దూరం పోయేది అక్కడ కాదు. మూల నుంచి గీసిన గీత 71 దగ్గర తాకుతుంది.

గ్లైడ్ నిష్పత్తికి, అంటే ఒక అడుగు దిగేలోపు ఎన్ని అడుగులు ముందుకు పోతుందో తేలడానికి, గాలిలో విమానం అసలు వేగం కావాలి. 3,000 అడుగుల డెన్సిటీ ఆల్టిట్యూడ్‌లో (గాలి సాంద్రతను బట్టి లెక్కేసిన ఎత్తు) దిద్దిన 70 నాట్లంటే నిజంగా 73. ఒక నాట్ అంటే నిమిషానికి 101.3 అడుగులు, కాబట్టి 73ను 101.3తో గుణించి 680తో భాగిస్తే 10.9. వెయ్యి అడుగుల ఎత్తుకు 1.8 నాటికల్ మైళ్లు, గాలి లేకుండా, మలుపు లేకుండా.

బరువు తగ్గితే గ్లైడ్ వేగం దాని వర్గమూలం లెక్కన తగ్గుతుంది. 1,100 పౌండ్లకు 71 కాస్తా 65 అవుతుంది, రెండు అంకెలనూ మీటర్ చూపే వేగంగా మార్చి ప్యానెల్ మీద రాసుకోండి. ఐడిల్‌లో ఇంజన్ ప్రొపెల్లర్‌ను కొంత తిప్పుతూనే ఉంటుంది. నిజంగా ఇంజన్ పోయి గాలికే ప్రొపెల్లర్ తిరుగుతుంటే మీరు కొలిచినదానికంటే నిటారుగా దిగే అవకాశమే ఎక్కువ. పొలం ఎంచుకునేటప్పుడు 10.9ని 8 అనుకుని లెక్కేయండి.