సూన్ అంటే వెంటనేనా, త్వరలోనా? పిల్లలకు ఇలా చెప్పండి

కడప ఎర్రముక్కపల్లిలో సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. పోయిన నెల ఒకమ్మాయి 'రిజల్ట్స్ విల్ బి డిక్లేర్డ్ సూన్' అన్న వాక్యాన్ని 'ఫలితాలు వెంటనే ప్రకటిస్తారు' అని రాసింది. 'త్వరలో' అని దిద్దాను. "మరి 'యాజ్ సూన్ యాజ్ ద బస్ స్టాప్డ్' అంటే 'బస్సు ఆగిన వెంటనే' అని మీరే రాయించారు కదా సార్?" అంది. చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు ఆ మాట చరిత్రలో ఉంది. క్లాసులో నేను చెప్పిన వరుసలోనే రాస్తున్నాను.

ముందు మంచి ఇంగ్లీషు డిక్షనరీ తెరిచి, మాట పుట్టుక రాసిన భాగం చూపించండి. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో సూన్ రూపం 'సోనా'. అప్పుడు దాని అర్థం 'వెంటనే'.

మరి ఎందుకు మారింది? ఇక్కడ తొందరపడొద్దు, పావుగంట పట్టినా పట్టనీయండి. ఇంట్లో మాటలతో చెబితే బాగా ఎక్కుతుంది. చిన్నప్పుడు నేను ఆకలంటే అమ్మ వంటింట్లోంచి "ఇదో వచ్చాండా నాయనా" అనేది. సంగటి కెలికి, ముద్దలు చేసి, చెనక్కాయల ఊరిమిండి నూరి వచ్చేసరికి నాకు నిద్ర ముంచుకొచ్చేది. అమ్మ అబద్ధమాడలేదు. అప్పుడే రావాలనుకుంది, పని తెమల్లేదు. తరతరాలుగా జనం 'సోనా' అని చెప్పి ఆలస్యంగా వస్తుంటే, వినేవాళ్లకు ఆ మాట 'కాసేపటికి' అనే వినిపిస్తుంది. అనాన్, ప్రెజెంట్లీ, బై అండ్ బై అనే ఇంగ్లీషు మాటలు కూడా ఈ దారిలోనే 'వెంటనే' నుంచి 'కాసేపటికి'లోకి జారాయి. ప్రెజెంట్లీని మనవాళ్లు 'ప్రస్తుతం' అనే అర్థంలో వాడతారు. అదీ పాత వాడుకే, తప్పని కొట్టేయకండి.

తర్వాత పాత వాక్యం ఒకటి చదివించండి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో, మార్కు ఆరో అధ్యాయంలో హేరోదియ కూతురు రాజు దగ్గరికి హడావిడిగా వచ్చి యోహాను తల పళ్లెంలో పెట్టి 'బై అండ్ బై' ఇమ్మంటుంది. ఇవాళ్టి అర్థం పెడితే 'మెల్లగా ఇవ్వండి' అన్నట్టు అవుతుంది! ఆమె అడిగింది ఇప్పుడే కావాలని. పాత పుస్తకాల్లో ఇలాంటి మాట తగిలితే ముందూ వెనకా వాక్యాలు చూడటం పిల్లలకు అలవాటు చేయండి.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. 'యాజ్ సూన్ యాజ్' లాంటి పలుకుబడిలో పాత అర్థం చెక్కు చెదరకుండా మిగిలిపోయింది. మన 'వెంటనే' కూడా 'వెంట' నుంచి వచ్చిందే. బస్సు ఆగడం, దాని వెంటే మనం ఎక్కడం. అందుకే రెండూ అంత చక్కగా అతుకుతాయి.

వీలైతే పిల్లల్ని మా పేటలోని బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్లండి. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న చోటే అది. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో 'వెంటనే'కు ఏ ఇంగ్లీషు మాటలు ఇచ్చాడో వాళ్లనే వెతకమనండి.

ఇంటిపనిగా, ఇంట్లో ఎవరైనా 'ఇప్పుడే' అన్నప్పుడు గడియారం చూసి, పని జరిగేదాకా పట్టిన సమయం రాసుకురమ్మన్నాను. మర్నాడు ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో మొదటి వరుస: 'ఇదో వచ్చాండా, నాయన, 25 నిమిషాలు.'