మీ సంస్థ పేరుతో నకిలీ యాప్: ఎలా గుర్తించాలి, ఎవరికి చెప్పాలి

నకిలీ యాప్ సంగతి తెలియగానే చాలా సంస్థలు ‘మా పేరుతో మోసాలు జరుగుతున్నాయి, జాగ్రత్త’ అని ఒక పోస్టు పెట్టి ఊరుకుంటాయి. నకిలీ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఒక రకం నకిలీకి పనికొచ్చే ఫిర్యాదు మరో రకానికి పనికిరాదు కాబట్టి, మీకు ఎదురైనది ఏ రకమో ముందు తేల్చుకోండి.

సమస్య: ప్లే స్టోర్‌లో వెతికితే మీ పేరుతో రెండు యాప్‌లు వస్తున్నాయి

కారణం: పేరు, ఐకాన్, డెవలపర్ పేరు ఎవరైనా అనుకరించగలరు. 2017 నవంబరులో వచ్చిన నకిలీ వాట్సాప్ డెవలపర్ పేరు చివర కంటికి కనిపించని ఖాళీ అక్షరాన్ని చేర్చారు. చూసేవాళ్లకు అది అసలు సంస్థ పేరే. తొలగించేలోపు 10 లక్షలకు పైగా డౌన్‌లోడ్లు అయ్యాయి. అనుకరించలేనిది ప్యాకేజీ పేరు. స్టోర్ లింకులో ‘ఐడీ’ (id=) తర్వాత వచ్చే భాగం అదే. ఒకే ప్యాకేజీ పేరుతో స్టోర్‌లో రెండు యాప్‌లు ఉండవు.

పరిష్కారం: ముందు ఆ రెండో యాప్ మీదే కాదని నిర్ధారించుకోండి. గతంలో మీకు యాప్ చేసిపెట్టిన వెండర్ తన సొంత ఖాతాలో పెట్టి మరిచిపోయిన యాప్ కూడా కావచ్చు. కాదని తేలితే పూర్తి లింకు, స్క్రీన్‌షాట్లు దాచుకుని, గూగుల్ ట్రేడ్‌మార్క్ ఫిర్యాదు ఫారం నింపండి. రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే పని సులువవుతుంది. చాలామంది తమ వ్యాపారం వర్గంలోనే ట్రేడ్‌మార్క్ తీసుకుంటారు, యాప్‌లు వచ్చే 9వ వర్గాన్ని వదిలేస్తారు. దరఖాస్తు చేసేటప్పుడే దాన్నీ చేర్చాలి. ట్రేడ్‌మార్క్ లేకపోయినా మీ లోగోనో, మీ స్క్రీన్ల బొమ్మలనో వాడుకుని ఉంటే కాపీరైట్ ఫిర్యాదు చేయవచ్చు.

సమస్య: ‘మీ యాప్ వేసుకున్నాక ఖాతాలో డబ్బు పోయింది’ అని కస్టమర్లు ఫోన్ చేస్తున్నారు, స్టోర్‌లో మాత్రం నకిలీ ఏదీ లేదు

కారణం: వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైలు, అంటే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు. రివార్డు పాయింట్లు, పీఎం కిసాన్, ట్రాఫిక్ చలాన్, పెళ్లి శుభలేఖ, ఇలా ఏదో ఒక పేరుతో వస్తుంది. ఇన్‌స్టాల్ చేయగానే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగి, ఓటీపీలను మోసగాడికి చేరవేస్తుంది. స్టోర్‌లో లేని యాప్ గురించి స్టోర్‌కు ఫిర్యాదు చేసి ప్రయోజనం లేదు.

పరిష్కారం: మొదట కస్టమర్ సంగతి చూడండి. ఇంటర్నెట్ ఆపించి, వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు ఫోన్ చేయమనండి. ఆ యాప్ అన్‌ఇన్‌స్టాల్ కాకపోతే సెట్టింగ్స్‌లో దానికి ఇచ్చిన యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు తీసేసి మళ్లీ ప్రయత్నించాలి. ‘ఆ యాప్ మాది కాదు’ అని ఫోన్ పెట్టేసే హెల్ప్‌లైన్ సిబ్బంది వల్ల సంస్థకు జరిగే నష్టం తక్కువేమీ కాదు.

తర్వాత సాక్ష్యం సంగతి. ఫైలు, అది వచ్చిన మెసేజి, పంపిన నంబరు సేకరించండి. ఫైలును ఎవరి ఫోన్‌లోనూ ఇన్‌స్టాల్ చేయకండి. నంబరును టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో, మోసపు కాల్స్, మెసేజిల ఫిర్యాదుల కోసం ఉన్న చక్షు విభాగంలో నమోదు చేయండి. ఫైలు ఏదైనా వెబ్‌సైటు నుంచి వస్తుంటే డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్‌కు, హోస్టింగ్ సంస్థకు, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు విడివిడిగా రాయండి. పోలీసు ఫిర్యాదులో ఐటీ చట్టం 66డి సెక్షన్‌ను ప్రస్తావించండి. కంప్యూటర్ సాధనాలతో మరొకరిలా నటించి మోసం చేస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అందులో ఉన్నాయి.

సమస్య: మీరు పెట్టని ప్రకటనలు వస్తున్నాయని ఫిర్యాదులు, మీరు విడుదల చేయని వెర్షన్ల నుంచి సర్వర్‌కు రిక్వెస్టులు

కారణం: మీ అసలు యాప్‌నే విప్పి, ప్రకటనలో, దొంగ కోడో చేర్చి, వేరే డిజిటల్ సంతకంతో మళ్లీ కట్టారు.

పరిష్కారం: ఫైలు చేతికి వస్తే ‘ఏపీకే సైనర్’ అనే ఆండ్రాయిడ్ టూల్‌తో సర్టిఫికెట్ షా-256 వేలిముద్ర (సంతకం ఎవరిదో చెప్పే కోడ్) చూసి, మీ అసలు యాప్ వేలిముద్రతో పోల్చండి. మొత్తం 64 అక్షరాలూ కలవాలి. ఇక్కడే ఒక తికమక ఉంది. ప్లే యాప్ సైనింగ్ (యాప్‌పై సంతకం చేసే పని గూగుల్‌కు అప్పగించే పద్ధతి) వాడేవారి విషయంలో యూజర్ ఫోన్‌కు చేరే యాప్ మీద గూగుల్ దగ్గరున్న కీ సంతకం ఉంటుంది, మీరు స్టోర్‌కు పంపేటప్పుడు వాడే అప్‌లోడ్ కీ సంతకం కాదు. పొరపాటున అప్‌లోడ్ కీతో పోలిస్తే అసలు యాప్ కూడా నకిలీలా కనిపిస్తుంది. డెవలపర్ల ఖాతా పేజీ అయిన ప్లే కన్సోల్‌లో రెండు వేలిముద్రలూ ఉంటాయి. యాప్ సైనింగ్ కీది తీసుకోండి. ఇకపై ఇలాంటివి ఆగాలంటే రిక్వెస్టు మీ అసలు యాప్ నుంచే వచ్చిందో లేదో చెప్పే గూగుల్ సేవ ప్లే ఇంటిగ్రిటీ ఏపీఐ పెట్టుకోండి. అది ఇచ్చే తీర్పును సర్వర్‌లోనే పరిశీలించాలి. యాప్ లోపలే పరిశీలిస్తే, యాప్‌ను విప్పినవాడు ఆ పరిశీలన చేసే రెండు లైన్ల కోడునూ తీసేస్తాడు.