సొంతంగా చేసుకున్న ఉలి, చిత్రిక మొండికేస్తే

చేత్తో చేసుకున్న పనిముట్టు మొరాయిస్తే మన చెయ్యి ముందు సానరాయి మీదికే పోతుంది. తొంభై పాళ్లు అక్కడ వృథా శ్రమే. తప్పు అంచులో కనిపిస్తుంది గానీ, పుట్టింది అంతకుముందు పనిలో.

అంచు మడత పడుతోంది

నాలుగు దెబ్బలకే ఉలి అంచు వాలిపోతే ఉక్కు గట్టిపడలేదని అనుమానించాలి. కొత్త ఆకురాయి మూలతో అంచు పక్కన ఒకసారి గీయండి. గాజు మీద గీసినట్టు జారిపోతే గట్టిగా ఉన్నట్టు. కరకరమని కొరికితే మెత్తగా ఉన్నట్టు.

మెత్తగా ఉంటే మొదట ఇనుమునే అడగాలి. స్లాబుల్లో వేసే కడ్డీలో కార్బన్ తక్కువ, ఎన్నిసార్లు కాల్చినా గట్టిపడదు. లారీ కమాను పట్టీలో 0.6 శాతం దాకా, మంచి ఆకురాయిలో 1 శాతం పైన ఉంటుంది. అయితే కొన్ని చవకరకం ఆకురాళ్లకు పైపొర ఒక్కటే గట్టి. అందుకే ఉలి చేయడానికి ముందే చిన్న ముక్క ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి చల్లార్చి, వైస్‌లో బిగించి గుడ్డ కప్పి కొట్టి చూడండి. పుటుక్కున విరిగితే పనికొస్తుంది, వంగితే పక్కన పడేయండి.

ఇనుము మంచిదే అయితే వేడి చాలలేదేమో. సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర ఉక్కును అయస్కాంతం పట్టుకోదు. అక్కడ ఆగకుండా ఇంకాస్త, 800 దాటేదాకా ఎర్రబడనిచ్చి అప్పుడు నూనెలో ముంచాలి. ఎండలో ఆ ఎరుపు కళ్లకు ఆనదు, నీడలో కాల్చండి. నూనెను ముందే 50-60 డిగ్రీలకు వెచ్చబెట్టాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని మెల్లగా లాగుతుంది. నూనె మంటలు లేస్తాయి కాబట్టి ఇనప డబ్బా, దాని మూత చేతికందేలా ఉండాలి. నీళ్లు మాత్రం పోయకూడదు.

నేను బోల్తా పడింది ఇంకోచోట. మొదటి ఉలిని ఆకురాయి కొరికిందని మళ్లీ కొలిమిలో పెట్టాను, రెండోసారి ముంచేసరికి అడ్డంగా పగిలింది. విరిగిన ముక్కను సాన మీద కాస్త రుద్ది చూస్తే లోపల ఆకురాయి జారిపోతోంది! కొలిమిలో పైపొర కార్బన్ కాలిపోయి ఆ పొర ఒక్కటే మెత్తబడింది. ముందు 0.2 మిల్లీమీటరు అరగదీసి, ఆ తర్వాతే ఆకురాయితో పరీక్షించండి.

అంచు పెచ్చులూడుతోంది

ఇది దానికి తిరగేసిన జబ్బు. చల్లార్చి అలాగే వాడేశారు, టెంపరింగ్ (మళ్లీ కొద్దిగా వేడిచేసి పెళుసుతనం తగ్గించడం) చేయలేదు. ఉక్కును తళతళలాడేలా రుద్ది, 200 డిగ్రీల ఓవెన్‌లో గంట చొప్పున రెండుసార్లు పెట్టండి. లేత ఎండుగడ్డి రంగు రావాలి. సుత్తి దెబ్బలు తినే ఉలికైతే ఇంకొంచెం ముదురు రంగు మేలు. ఓవెన్ మీది అంకెను నమ్మకుండా లోపల వేరే థర్మామీటరు పెట్టండి. నీలం వచ్చిందంటే 300 దరిదాపుల్లోకి పోయింది, మళ్లీ గట్టిపరచడం నుంచే మొదలు.

చల్లార్చగానే పగిలింది, లేదా వంకర పోయింది

నూనెకు తగిన ఉక్కును నీళ్లలో ముంచడం, కత్తిలా మొన తీసి ముంచడం, లోపలి మూలలు గుండ్రం చేయకపోవడం: ఈ మూడింటిలో ఒకటి. అంచు 1 మిల్లీమీటరు మందం ఉంచి నిలువుగా దించండి. పైకీ కిందికీ ఆడించవచ్చు, పక్కలకు తిప్పకూడదు.

చిత్రిక దడదడలాడుతోంది

చెక్క మీద అలల్లాంటి గీతలు పడుతుంటే బ్లేడును తప్పుపట్టకండి. బ్లేడు వెనక్కి ఆనే వాలు చదునుగా లేదు. బ్లేడు వీపుకు కొవ్వొత్తి మసి పట్టించి, చోటులో పెట్టి బిగించి తీయండి. వాలు మీద మసి ఎక్కడ అంటిందో అక్కడే బ్లేడు ఆనుతోంది. పైభాగాన రెండు మచ్చలు పడి నోటి (పొట్టు పైకొచ్చే సందు) దగ్గర శుభ్రంగా ఉంటే రోగం దొరికినట్టే: అంచుకు దన్ను లేదు. మచ్చలు పడ్డచోట ఉలితో పలచగా గీకి, మళ్లీ మసి పట్టించి చూడండి. ఓపిక కావాలి, నాకు పదిహేనుసార్లు పట్టింది. బ్లేడును బిగించే చీలలాంటి బిగింపు చెక్క కూడా కింది కొననే గట్టిగా నొక్కాలి. దాని వాలు 10 డిగ్రీలు మించితే వెనక్కి జారుతుంది.

పొట్టు నోట్లో ఇరుక్కుంటోంది

నోరు వెడల్పు చేయడానికి తొందరపడకండి, తీసేసిన చెక్క తిరిగి రాదు. ముందు బిగింపు చెక్క కొన చూడండి. అది మొద్దుగా ఉన్నా, బ్లేడుకు దానికి మధ్య వెంట్రుకంత సందున్నా పొట్టు దూరి చిక్కుకుంటుంది.

కొన్నిచోట్ల కోస్తోంది, కొన్నిచోట్ల లేదు

చిత్రిక అడుగును బ్లేడు లేకుండా చదును చేసి ఉంటారు. బిగింపు ఒత్తిడికి చెక్క కొద్దిగా వంగుతుంది. బ్లేడును ఒక మిల్లీమీటరు లోపలికి లాగి, మామూలుగా బిగించి, మందపాటి గాజు మీద పరిచిన సాండ్ పేపర్‌పై రుద్దండి.

పిడి ఊగుతోంది

పచ్చి చెక్క ఎండి కుదించుకుంది. బాగా ఎండిన చెక్కతో కొత్త పిడి చేయండి, నార పిడి పొడవునా తిన్నగా సాగాలి. పిడిలోకి దిగే ఉలి తోక సన్నబడినట్టే రంధ్రమూ మెట్లుగా సన్నబడాలి. మూతి దగ్గర పొన్ను (లోహపు కట్టు) లేకపోతే సుత్తి దెబ్బకు చీలుతుంది.