కథ ఎవరి కళ్లతో చూస్తున్నాం?

కథ ఎవరి దృష్టికోణంలో సాగుతోందో తేలనప్పుడు, ప్రథమ పురుషలో ఉన్న ఒక పేరాను ఉత్తమ పురుషలోకి మార్చి రాసి చూడండి. "అతను తలుపు దగ్గర ఆగాడు. లోపల ఆమె ఏడుస్తోందేమో" అన్నచోట "నేను తలుపు దగ్గర ఆగాను" అని మార్చినా ఏమీ చెడలేదంటే, సర్వనామం ఏదైనా ఆ కథ అతని మనసులోంచే నడుస్తోందన్నమాట. ఆ "ఏమో" అన్న చిన్న మాటే గుట్టు విప్పుతుంది, ఎందుకంటే అన్నీ తెలిసిన కథకుడికి సాధారణంగా అలా సందేహించాల్సిన అవసరం ఉండదు.

ప్రతీకల విషయంలో మాత్రం తొందరపడకూడదు. కనిపించిన ప్రతి దీపాన్నీ ఆశకు గుర్తుగా చదవడం, నా దృష్టిలో, పరీక్షల చదువు అంటించిన దురలవాటు. ఏదైనా వస్తువు మళ్లీ మళ్లీ వస్తోందా, వచ్చిన ప్రతిసారీ దాని స్థితి మారుతోందా అన్నది పెన్సిలుతో పేజీ అంచున గుర్తు పెట్టుకుంటూ చదవండి. మొదట తండ్రి చేతిలో ఉన్న గొడుగు, ఆయన పోయాక ఎవరూ ముట్టుకోకుండా మూలన పడి ఉండి, చివర్లో కూతురి చేతిలో విచ్చుకుంటే, అది ప్రతీకగా ఎదిగినట్టే. అయితే దాన్ని చూస్తున్నది ఎవరో కూడా గమనించాలి. కూతురు చెప్పే కథలో అది తండ్రి జ్ఞాపకం, పొరుగింటివాడు చెప్పే కథలో వట్టి పాత గొడుగు.