చేయించిన ఉంగరం తేడాగా వస్తే: సమస్య – పరిష్కారం

మా నాన్నగారి షష్టిపూర్తికి పగడపు ఉంగరం చేయించాం. పండగ రద్దీలో కౌంటర్ దగ్గర పైపైన చూసి తెచ్చేసుకున్నాం. ఇంటికొచ్చాక మూడు తేడాలు బయటపడ్డాయి. షాపు చుట్టూ నాలుగుసార్లు తిరిగాక గానీ అన్నీ సరికాలేదు.

తేడా కనిపించగానే ఉంగరం తీసి పక్కన పెట్టండి. ఒక్క గీత పడినా "వాడేశారు కదండీ" అంటారు. ఆర్డర్ చీటీ, బిల్లు, ముందు చూపించిన డిజైన్ ఫొటో పట్టుకుని రద్దీ లేని వేళ వెళ్లి, మీ ఆర్డర్ రాసుకున్న మనిషితోనే మాట్లాడండి.

సమస్య: బిల్లు అనుకున్నదానికన్నా ఎక్కువైంది

కారణం: చాలావరకు రాయి బరువే. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. మా పగడం 6 క్యారెట్లు, అంటే 1.2 గ్రాములు. ఉంగరం మొత్తం 6.2 గ్రాములు తూగింది, అందులో బంగారం 5 గ్రాములే. బిల్లులో మాత్రం 6.2 గ్రాములకూ బంగారం ధర కట్టి, దాని మీదే 12 శాతం తరుగు (తయారీలో పోయే బంగారం కింద వేసే చార్జీ) వేశారు. పగడానికి విడిగా డబ్బు తీసుకుని, మళ్లీ దాన్నే బంగారం కింద అమ్మారన్నమాట. తరుగుతో కలిపితే 1.344 గ్రాముల బంగారం ధర అదనంగా పడింది.

పరిష్కారం: "రాయి బరువు తీసేసి బంగారం నికర తూకం చూపించండి" అని అడగండి. హాల్‌మార్క్ (స్వచ్ఛత ముద్ర) ఉన్న నగ బిల్లులో నికర తూకం, స్వచ్ఛత, హాల్‌మార్క్ చార్జీ విడివిడిగా రాయాలన్నది నిబంధన. మాకు బిల్లు మార్చి తేడా డబ్బు వెనక్కిచ్చారు.

సమస్య: రాయి వేలికి తగలడం లేదు

కారణం: జాతకరీత్యా పెట్టుకునే రాయి చర్మానికి తగలాలని నోటితో చెప్పాం, చీటీలో రాయించలేదు. కంసాలి దగ్గరికి వెళ్లేది చీటీ ఒక్కటే. ఆయన అడుగు మూసేశాడు.

పరిష్కారం: రాయి తీసి అడుగు కోయించాలి. కోసి తీసిన బంగారం మీకే చెందుతుంది, తూచి లెక్క కట్టించుకోండి.

సమస్య: బిగుతు, లేదా వదులు

కారణం: వేళ్లు ఎండకు ఉబ్బుతాయి, చలికి సన్నబడతాయి. పట్టీ వెడల్పయితే అదే సైజు బిగుతుగా అనిపిస్తుంది.

పరిష్కారం: కొద్దిపాటి తేడా అయితే సాగదీస్తారు. ఎక్కువైతే వెనక కోసి, ముక్క వేసి అతుకుతారు. మంట తగిలితే పగడం, ముత్యం పాడవుతాయి కాబట్టి ముందు రాయి తీయమనండి. చుట్టూ రాళ్లున్న ఉంగరాన్ని సైజు మార్చడం కష్టం, కొత్తది చేయమని అడగడమే నయం. రిపేరుకు ఇచ్చేటప్పుడు తూకం, రాయి వివరం, తిరిగిచ్చే తేదీ రాసిన రసీదు తీసుకోండి.

సమస్య: స్వచ్ఛత మీద అనుమానం

2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ (ఆ నగకు మాత్రమే ఇచ్చే గుర్తింపు నంబరు) ఉండాలి. 22 క్యారెట్ల బంగారమైతే (ఇక్కడ క్యారెట్ బరువు కాదు, స్వచ్ఛతకు కొలత) 916, అంటే 91.6 శాతం బంగారమన్న గుర్తు కూడా కనిపించాలి. రెండు గ్రాముల లోపు నగలకు మినహాయింపు ఉంది. హెచ్‌యూఐడీ నంబరును బీఐఎస్ (హాల్‌మార్క్ వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. అక్కడ వచ్చే వివరాలు మీ ఉంగరంతో కలవకపోతే ఆ తెర ఫొటో తీసి షాపువాళ్లకు చూపించండి. పరీక్షలో స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తక్కువ విలువకు రెట్టింపు, పరీక్ష ఖర్చు రాబట్టుకోవచ్చు.

షాపువాళ్లు పలకకపోతే

ముందు ఓనర్‌కు లిఖితపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకోండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌. ఫిర్యాదు రెండేళ్లలోపు వేయాలి, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు.