పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్చే రోజు: డాకర్‌లో సినాప్స్ నడిపేవారికి జాగ్రత్తలు

డాకర్ కంపోజ్‌లో (కంటైనర్లను కలిపి నడిపే సాధనం) మ్యాట్రిక్స్ సర్వర్ సాఫ్ట్‌వేర్ సినాప్స్, దాని పక్కనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టుకుని సొంత మ్యాట్రిక్స్ చాట్ సర్వర్ నడిపేవాళ్లకు మామూలు రోజుల్లో పెద్దగా పని ఉండదు. పోస్ట్‌గ్రెస్ పెద్ద వెర్షన్ మార్చాల్సిన రోజే అసలు గండం. వెర్షన్ 13కు సపోర్ట్ 2025 నవంబర్‌తో ఆగిపోయింది. 14కు గడువు 2026 నవంబర్. సపోర్ట్ ముగిసిన వెర్షన్లను సినాప్స్ కూడా వదిలేస్తూ పోతుంది కాబట్టి ఈ పని ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

16.3 నుంచి 16.9కి వెళ్లడానికి ఇమేజ్ (కంటైనర్‌ను తయారుచేసే మూస) మారిస్తే సరిపోతుంది. 16 నుంచి 17కి వెళ్లడం అలా కుదరదు, డిస్క్ మీద డేటా రాసుకునే పద్ధతే మారిపోతుంది. కంపోజ్ ఫైల్లో ట్యాగ్ (ఇమేజ్ పేరు పక్కన రాసే వెర్షన్ గుర్తు) ఒక్కటీ మార్చి లేపితే కంటైనర్ పడిపోతూ లేస్తూ ఉంటుంది. డేటా ఫైళ్లు ఈ సర్వర్‌కు సరిపడవని, వాటిని వెర్షన్ 16 తయారుచేసిందని లాగ్‌లో కనిపిస్తుంది. అది చూసి కంగారు పడొద్దు, డేటాకు ఏమీ కాలేదు. పాత ట్యాగ్ మళ్లీ పెడితే ఎప్పటిలా లేస్తుంది. చాలామంది నష్టపోయేది ఆ తర్వాత వేసే అడుగులోనే: వాల్యూమ్ (డాకర్ డేటా దాచే చోటు) పాడైందనుకుని 'డౌన్ -వి' కొట్టేస్తారు. ఆ '-వి' కంపోజ్ ఫైల్లో పేరున్న వాల్యూమ్‌లన్నిటినీ తుడిచేస్తుంది. ఈ పని జరిగే రోజు ఆ రెండక్షరాల జోలికే పోకండి. ట్యాగ్‌లో 'లేటెస్ట్' అని ఉంటే ఇవాళే తీసేసి వెర్షన్ అంకె రాయండి. లేదంటే ఏదో ఒక పుల్ (కొత్త ఇమేజ్ దింపుకోవడం) మీకు చెప్పకుండానే ఈ గండం తెచ్చిపెడుతుంది.

ముందురోజే చూసుకోవాల్సిన మొదటి విషయం ఖాళీ జాగా. పాత డేటా, డంప్ ఫైలు (డేటాబేస్ మొత్తాన్ని రాసి తీసిన ఫైలు), కొత్త డేటా మూడూ కొంతసేపు ఒకే డిస్క్ మీద ఉంటాయి. 'పీజీ_డేటాబేస్_సైజ్' ఎంత చూపిస్తే కనీసం దానికి రెండింతలు ఖాళీ ఉంచండి. సినాప్స్ వెర్షన్ అప్‌గ్రేడ్‌ను ఇదే రోజు కలిపి పెట్టుకోకండి. రెండూ ఒకేసారి మారితే తప్పు ఎక్కడుందో తేలదు. పైగా సినాప్స్ కొత్త వెర్షన్ డేటాబేస్ స్కీమాను (టేబుళ్ల అమరికను) మార్చేస్తే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే దారి మూసుకుపోవచ్చు. పండగ సెలవులకు ముందు సాయంత్రం కూడా వద్దు. మర్నాడు ఎవరో ఒకరు సర్వర్ దగ్గర ఉండే రోజు ఎంచుకోండి.

రిహార్సల్ చేయడం మంచిదే, కానీ పోస్ట్‌గ్రెస్ వరకే. డేటాబేస్ నకలు మీద సినాప్స్‌ను కూడా లేపి చూద్దామనుకుంటే దాన్ని బయటి నెట్‌వర్క్ లేని చోట పెట్టాలి. కంపోజ్‌లో నెట్‌వర్క్‌కు 'ఇంటర్నల్: ట్రూ' అంటే అదే. లేకపోతే ఒకే పేరు, ఒకే సైనింగ్ కీ (సర్వర్ సంతకం చేసే రహస్య కీ) ఉన్న రెండు సర్వర్లు బయటి సర్వర్లతో మాట్లాడతాయి. ఆ గందరగోళాన్ని తర్వాత సర్దడం చాలా కష్టం.

ఇక అసలు పని. సినాప్స్ కంటైనర్‌ను ఆపండి, పోస్ట్‌గ్రెస్‌ను నడవనివ్వండి. సినాప్స్ నడుస్తుండగా డంప్ తీసినా అది సరైన డంపే, కానీ మొదలుపెట్టిన క్షణం తర్వాత వచ్చిన సందేశాలు అందులో ఉండవు. సర్వర్ ఆగి ఉన్న గంటా రెండు గంటల్లో బయటి సర్వర్లు పంపినవి పోతాయని భయం అక్కర్లేదు, అవి మళ్లీ ప్రయత్నిస్తాయి.

డంప్‌ను 'పీజీ_డంప్ -ఎఫ్‌సీ'తో తీయండి. డాకర్ ఎగ్జెక్ రాసేటప్పుడు చేతి అలవాటుగా '-ఐటీ' వచ్చేస్తుంది. ఫైల్లోకి మళ్లించేటప్పుడు అందులోని 'టీ' ప్రమాదం. టెర్మినల్ ప్రతి లైన్ చివర ఒక అదనపు అక్షరం చేరుస్తుంది, బైనరీ ఫైలు పాడవుతుంది. సైజు బాగానే కనిపిస్తుంది కాబట్టి అనుమానమే రాదు. ఆ ఫైలును విడి కంటైనర్‌లో ఒకసారి పూర్తిగా రిస్టోర్ చేసి చూసేదాకా దాన్ని బ్యాకప్ అనకండి.

డేటాబేస్‌తో పాటు హోమ్‌సర్వర్ యామల్ ఫైలు, సైనింగ్ కీ ఫైలు, మీడియా స్టోర్‌లోని 'లోకల్_కంటెంట్' ఫోల్డర్ వేరే మెషీన్‌కు కాపీ చేయండి. బయటి సర్వర్ల నుంచి తెచ్చుకున్న మీడియా కేవలం క్యాషే, లేకపోయినా పర్వాలేదు. కాపీలు వెనక్కి పెట్టాల్సి వస్తే ఫైళ్ల యజమాని యూఐడీ 991 అయ్యేలా చూడండి. సినాప్స్ ఇమేజ్ మామూలుగా ఆ యూజర్‌గానే నడుస్తుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. రోజువారీ బ్యాకప్‌లో 'ఇ2ఇ_వన్_టైమ్_కీస్_జేసన్' అనే టేబుల్‌లోని డేటాను వదిలేయాలి, అందుకు పీజీ_డంప్‌లో 'ఎక్స్‌క్లూడ్-టేబుల్-డేటా' ఆప్షన్ ఉంది. ప్రతి ఫోనూ ఒక్కసారికే పనికొచ్చే కీలు కొన్ని ముందుగా సర్వర్‌లో దాచిపెడుతుంది. అవతలి ఫోను కొత్తగా ఎన్‌క్రిప్టెడ్ సంభాషణ మొదలుపెట్టినప్పుడు సర్వర్ వాటిలో ఒకటి తీసి ఇస్తుంది. మొన్నటి బ్యాకప్‌ను ఇవాళ రిస్టోర్ చేస్తే నిన్న వాడేసిన కీలే సర్వర్ మళ్లీ పంచుతుంది. వాటి రహస్య సగాన్ని ఫోను అప్పుడే పారేసి ఉంటుంది కాబట్టి సందేశం వస్తుంది గానీ తెరుచుకోదు. ఆ టేబుల్ ఖాళీగా ఉంటే ఫోన్లు కొత్త కీలు పంపుకుంటాయి. వెర్షన్ మార్చేటప్పుడు మాత్రం సినాప్స్ ఆగే ఉంటుంది, మధ్యలో ఏ కీ ఖర్చు కాదు. కాబట్టి ఆ రోజు పూర్తి డంప్ తీయవచ్చు.

కొత్త పోస్ట్‌గ్రెస్‌కు కొత్త పేరుతో కొత్త వాల్యూమ్ ఇవ్వండి. పాతదాన్ని ముట్టుకోవద్దు. యూజర్ పేరు, డేటాబేస్ పేరు పాతవే ఉండాలి. మొదటిసారి లేపే ముందే 'పోస్ట్‌గ్రెస్_ఇనిట్‌డీబీ_ఆర్గ్స్'లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8, ఎల్‌సీ-కొలేట్ సీ, ఎల్‌సీ-సీటైప్ సీ అని రాయాలి. వాల్యూమ్ ఖాళీగా ఉన్నప్పుడే ఈ మాట చెల్లుతుంది, తర్వాత రాసినా పట్టించుకోదు. మరిచిపోతే సినాప్స్ కొలేషన్ (అక్షరాలను వరస పెట్టే పద్ధతి) తప్పని చెప్పి లేవడానికి ఒప్పుకోదు. దాన్ని దాటించడానికి 'అలౌ_అన్‌సేఫ్_లొకేల్' అనే సెట్టింగ్ ఉంది గానీ వాడొద్దు. 'సీ' కాని కొలేషన్లలో అక్షరాల వరస ఆపరేటింగ్ సిస్టమ్ లైబ్రరీ చేతిలో ఉంటుంది. రేపు ఇమేజ్‌లో ఆ లైబ్రరీ మారితే ఇండెక్స్‌లు చప్పుడు లేకుండా పాడవుతాయి. వాల్యూమ్ ఇంకా కొత్తదే కాబట్టి దాన్ని తీసేసి మళ్లీ మొదలుపెట్టడమే మేలు.

17 దాటి 18కి వెళ్తున్నవారు మౌంట్ దారి కూడా మార్చాలి. 17 వరకు అధికారిక ఇమేజ్‌లో డేటా 'వార్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/డేటా'లో ఉండేది. 18 నుంచి వాల్యూమ్‌ను దానికి ఒక మెట్టు పైన, 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్' ఫోల్డర్ దగ్గరే తగిలించాలి.

రిస్టోర్‌కు 'పీజీ_రిస్టోర్ -జె 4' ఇస్తే నాలుగు పనులు పక్కపక్కనే నడుస్తాయి. పైప్ ద్వారా పంపితే '-జె' పనిచేయదు, డంప్ ఫైలున్న ఫోల్డర్‌ను కంటైనర్‌కు మౌంట్ చేయాలి. డాకర్ ప్రతి కంటైనర్‌కు మామూలుగా ఇచ్చే షేర్డ్ మెమరీ 64 ఎంబీయే. పెద్ద ఇండెక్స్ కట్టే దశలో అది చాలక, డిస్క్ నిండా ఖాళీ ఉన్నా 'జాగా లేదు' అన్న ఎర్రర్ రావచ్చు. కంపోజ్‌లో 'షమ్_సైజ్' 1 జీబీ పెట్టండి. పక్కనే 'స్టాప్_గ్రేస్_పీరియడ్' ఒక నిమిషం అని రాయండి. మామూలుగా డాకర్ 10 సెకన్లే ఆగి తర్వాత ప్రాసెస్‌ను చంపేస్తుంది. రిస్టోర్ కాగానే 'అనలైజ్' నడపాలి. అది మానేస్తే క్వెరీలకు గణాంకాలు దొరకవు, ఫోన్లలో సింక్ ఈడుస్తూ ఉంటుంది.

పోర్టుల వరస కూడా ఓసారి చూడండి. డాకర్ పబ్లిష్ చేసిన పోర్ట్ యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ నియమాలను పక్కకు నెట్టి బయటికి తెరుచుకుంటుంది. సినాప్స్‌ను '127.0.0.1:8008:8008' అని కట్టండి. పోస్ట్‌గ్రెస్‌కు పోర్ట్ పబ్లిష్ చేయాల్సిన పనే లేదు.

ఇప్పటిదాకా చేసిన ప్రతి పనినీ వెనక్కి తిప్పవచ్చు. కొత్త డేటాబేస్ మీద సినాప్స్ లేచి బయటికి మొదటి సందేశం పంపాక సంగతి వేరు. ఆ తర్వాత పాత వాల్యూమ్‌కు వెళ్తే, బయటి సర్వర్ల దగ్గర మీ పేరుతో ఉన్న సందేశాలు మీ డేటాబేస్‌లోనే ఉండవు. అందుకే సినాప్స్‌ను లేపకముందే పోస్ట్‌గ్రెస్‌లో చూడండి: 'యూజర్స్', 'ఈవెంట్స్' టేబుళ్లలో వరసల లెక్క పాత డేటాబేస్‌తో సరిపోవాలి, రిస్టోర్ లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా ఉండకూడదు. తేడా ఉంటే అక్కడే ఆగి పాతదానికి వెళ్లిపోండి.

లెక్క సరిపోతే సినాప్స్‌ను లేపండి. రెండు ఫోన్లలో రెండు ఖాతాలతో ఎన్‌క్రిప్టెడ్ రూమ్‌లో అటూ ఇటూ సందేశాలు పంపండి. పాత ఫొటో ఒకటి తెరవండి, 5 ఎంబీ ఫొటో ఒకటి ఎక్కించండి. అది ఆగిపోతే తప్పు పోస్ట్‌గ్రెస్‌ది కాకపోవచ్చు. సినాప్స్ మామూలుగా 50 ఎంబీ దాకా ఒప్పుకుంటుంది, దాని ముందున్న వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ 'క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్' మార్చకపోతే 1 ఎంబీ దగ్గరే ఆపేస్తుంది. చివరగా వేరే సర్వర్‌లోని ఖాతా నుంచి ఒక సందేశం రప్పించుకోండి. పాత వాల్యూమ్‌ను వారం దాకా ఉంచి, ఈలోగా కొత్త డేటాబేస్ నుంచి తీసిన బ్యాకప్ ఒకటి విడి కంటైనర్‌లో రిస్టోర్ అయ్యాకే తీసేయండి.